దవడ ఆపరేషన్ అయ్యాక ఇంట్లో గడిచే వారాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మూడేళ్ళ క్రితం వానలో నెల్లిమర్ల దారిలో బండి జారి కిందదవడ రెండు చోట్ల విరగ్గొట్టుకున్నాను. విశాఖలో ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. దవడ కదలకుండా పైపళ్ళూ కిందిపళ్ళూ కలిపి నాలుగు వారాలు కట్టేశారు. పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి, నెల రోజులు నోరు తెరవకుండా కూర్చున్నాను. అప్పటినుంచి విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎవరి దవడకి ఆపరేషన్ జరిగినా ఎవరో ఒకరు నా నంబరు ఇస్తున్నారు. మా వీధిలో నా పేరే 'దవడ మాస్టారు' అయిపోయింది. యాక్సిడెంట్ అయినవాళ్ళూ, పళ్ళ వరస కలవక దవడ సరిచేయించుకున్నవాళ్ళూ అడిగేవి ఇంచుమించు ఒకటే కాబట్టి ఒకచోట రాసిపెట్టాను.

నేను డాక్టర్ని కాదు. నా మాటకీ మీ సర్జన్ మాటకీ తేడా వస్తే సర్జన్ మాటే వినండి.

## ఆపరేషన్‌కి ముందు

నొప్పి ఎంత ఉంటుంది మాస్టారూ? దాచకుండా చెప్పండి.

అనుకున్నంత ఉండదు. నాకైతే దవడ విరిగిన రోజు నొప్పితో పోలిస్తే ఆపరేషన్ తర్వాతది చాలా తక్కువ. ఆ చుట్టుపక్కల నరాలు మొద్దుబారి ఉండటం కూడా ఒక కారణం. మొదటి మూడు నాలుగు రోజులు మందులతో అదుపులో ఉంటుంది. వారం దాటాక చాలామందికి మాత్రల అవసరమే తగ్గిపోతుంది.

అలాగని హాయిగా ఉంటుందనుకోకండి. మనిషిని విసిగించేవి వేరే ఉన్నాయి. వాపు బిగుతు, కారే చొల్లు, తీరని ఆకలి, మూసుకుపోయిన ముక్కు, నోటిదాకా వచ్చి ఆగిపోయే మాట. వీటికి మాత్రల్లేవు. ఇంట్లో చేసుకునే ఏర్పాట్లే వీటికి మందు.

ఇంట్లో ముందే ఏమేం సిద్ధం చేసుకోవాలి?

మెడికల్ షాపులో, నోటితో తాగడానికి 50 మి.లీ. సిరంజిలు మూడు నాలుగు, వాటి మూతికి తొడిగే మెత్తని రబ్బరు గొట్టం తీసుకోండి. గొట్టం సైజు నర్సమ్మని అడిగితే చెబుతుంది. చిన్నపిల్లల మెత్తటి టూత్‌బ్రష్, వాజలిన్, పళ్ళ క్లిప్పులవాళ్ళు వాడే మైనం కూడా కావాలి. వంటింట్లో సన్న కన్నుల వడకట్టు ఉండాలి. మూతి తుడుచుకోవడానికి పాత నూలు చీర ఒకటి చింపి ముప్పై ముక్కలు చేసి ఉతికి పెట్టుకోండి. టిష్యూ కాగితం తడి పెదవికి అతుక్కుని పేలికలవుతుంది. రాసి చూపించడానికి పిల్లల పలక ఒకటి చాలు.

మిక్సీ గట్టిదో కాదో ముందే చూసుకోండి. మాది రెండో రాత్రే కాలిపోయింది, పక్కింటివాళ్ళది తెచ్చుకున్నాం.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఆపరేషన్ పడితే ఇంకో జాగ్రత్త. మనది తుపాన్ల తీరం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి, తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. మిక్సీ మీద బతికే మనిషికి అది పెద్ద కష్టం. పాలపొడి, మెత్తగా పట్టించి జల్లించిన చోడి (రాగి) పిండి, వేయించి పొడి కొట్టిన పెసరపప్పు డబ్బాల్లో ఉంచుకుంటే పొయ్యి ఒక్కటున్నా గడిచిపోతుంది.

## మొదటి మూడు నాలుగు రోజులు

రెండో రోజుకి ముఖం గుమ్మడికాయంత అయింది. ఆపరేషన్‌లో ఏదైనా తేడా వచ్చిందా?

తేడా ఏమీ కాదు. వాపు మొదటిరోజు కన్నా రెండో రోజు, రెండో రోజు కన్నా మూడో రోజు ఎక్కువగా ఉంటుంది. 48 నుంచి 72 గంటల మధ్య పతాక స్థాయికి వెళ్ళి అక్కణ్ణించి దిగుతుంది. రెండు మూడు వారాల్లో చాలావరకు పోతుంది. మిగిలిన కాస్త వాపు తగ్గడానికి నెలలు పడుతుంది, అది మీకు తెలుస్తుంది గానీ ఎదుటివాళ్ళకి కనిపించదు. బుగ్గల మీది నల్లమచ్చలు పసుపు, ఆకుపచ్చ రంగులోకి మారి మెడ మీదికి, ఒక్కోసారి ఛాతీ మీదికి దిగుతాయి. కొత్త దెబ్బేమీ కాదది, పైన చేరిన రక్తమే కిందికి జారుతుంది.

నాలుగో రోజు తర్వాత కూడా వాపు తగ్గకపోగా పెరుగుతూ, ఎర్రగా వేడిగా ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాలి.

ఐస్ పెట్టాలా, కాపడం పెట్టాలా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

రెండూ పెట్టాలి, వేర్వేరు రోజుల్లో. మొదటి రెండు రోజులు ఐస్. ముక్కల్ని కవర్లో వేసి తువ్వాల్లో చుట్టి ఇరవై నిమిషాలు పెట్టి, ఇరవై నిమిషాలు తీసేయాలి. ఐస్‌ని నేరుగా చర్మానికి ఆనించకూడదు. మొద్దుబారిన బుగ్గకి చలి తెలియదు, చర్మం దెబ్బతింటుంది. మూడో రోజు దాటాక గోరువెచ్చని తడి గుడ్డ. ఆ గుడ్డ వేడిని బుగ్గతో చూసుకోవద్దు, మోచేతి లోపలివైపు ఆనించి చూసుకోండి. మా దొడ్డ తెచ్చిన ఇసుక మూట కాపడానికి దండం పెట్టి వద్దన్నాను.

పడుకుంటే తలంతా బరువెక్కిపోతోంది. నిద్ర ఎలా?

వెల్లకిలా, తల ఎత్తుగా. రెండు మూడు దిళ్ళు పెట్టుకోండి, నడుము కింద కూడా ఒకటి పెడితే కిందికి జారిపోకుండా ఉంటుంది. మా ఇంట్లో తాతగారి పడక్కుర్చీ అటక మీద పడి ఉండేది. దాన్ని దించి కాన్వాసు గుడ్డ మార్పించాక నేను మంచం ముఖం చూడలేదు. పది రాత్రులు అందులోనే. ఎత్తులో పడుకుంటే వాపు తొందరగా దిగుతుంది, ముక్కూ కాస్త ఆడుతుంది.

చిన్నపిల్లల్ని పక్కన పడుకోబెట్టుకోకండి. నిద్రలో వాళ్ళ కాళ్ళు ఎక్కడ తగులుతాయో తెలియదు.

ఆపరేషన్ దవడకైతే గొంతు మంట, ముక్కు దిబ్బడ ఎందుకు?

మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరి గొట్టాన్ని ముక్కులోంచి గొంతులోకి దింపుతారు. నోట్లో పని కాబట్టి నోటి దారి ఖాళీగా ఉండాలి. ఆ రాపిడి వల్లే గొంతు గరగర, ముక్కు నొప్పి. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. పైదవడకి ఆపరేషన్ అయినవాళ్ళకి ముక్కులోంచి నెత్తురు కలిసిన నీరు కొన్నాళ్ళు కారవచ్చు. తుడుచుకోవాలి తప్ప చీదకూడదు. డాక్టర్ సరేనన్నదాకా, సాధారణంగా రెండు వారాలకి తక్కువ కాకుండా, చీదడం మానాలి. తుమ్ము వస్తే ముక్కు మూసి ఆపకండి. వదిలేయండి. ఉప్పునీటి చుక్కలు వాడమంటారు, అవి మంచి ఊరటనిస్తాయి.

పళ్ళు కట్టేసి ఉండగా వాంతి వస్తే ఊపిరాడక చచ్చిపోతామా?

అందరి మనసులోనూ ఉండే భయమే ఇది. బయటికి అడిగేవాళ్ళు తక్కువ.

కడుపులో ఉన్నది నీళ్ళే కాబట్టి వచ్చేదీ నీళ్ళే. పళ్ళ సందుల్లోంచి, చివరి పళ్ళ వెనక ఖాళీలోంచి, ముక్కులోంచి బయటికి వచ్చేస్తుంది. చేయాల్సింది ఒకటే: వెనక్కి వాలకుండా లేచి ముందుకి వంగి తల కిందికి దించడం, బుగ్గని వేలితో పక్కకి లాగి దారి ఇవ్వడం. తర్వాత నోరు కడుక్కోవాలి. నాకు మూడో రాత్రి వచ్చింది. ఒక నిమిషం గుండె జారిపోయింది, రెండో నిమిషానికి అయిపోయింది.

వైరుతో కట్టినవాళ్ళు వైరు కత్తెర, రబ్బర్లతో కట్టినవాళ్ళు చిన్న కత్తెర ఎప్పుడూ దగ్గరే ఉంచుకోవాలి. దారం కట్టి మెళ్ళో వేసుకున్నా తప్పులేదు. ఊపిరి నిజంగా అందకపోతే ఎక్కడ కత్తిరించాలో డిశ్చార్జి రోజే డాక్టర్ చేత చూపించుకోండి. మీరొక్కరే నేర్చుకుంటే చాలదు, ఇంట్లోవాళ్ళూ నేర్చుకోవాలి. తేన్పులు, వికారం ఉంటే ముందే చెబితే దానికి మందు రాస్తారు. వాంతి భయంతో తాగడం మానేస్తే నీరసం వచ్చి వికారం ఇంకా పెరుగుతుంది.

నోరు తెరుచుకోదు కదా, మాత్రలు వేసుకునేదెలా?

సిరప్ రూపంలో దొరికేవి సిరప్‌గా రాయమని అడగండి. కొన్ని మాత్రలు పొడి చేసి నీళ్ళలో కలిపి తాగొచ్చు, కొన్నింటిని చేయకూడదు. నెమ్మదిగా కరిగేలా తయారుచేసినవి, పైన ప్రత్యేక పూత ఉన్నవి నూరితే మందంతా ఒకేసారి దిగిపోతుంది, లేదా కడుపు పాడవుతుంది. ఏది నూరొచ్చో మందుల షాపులో ఒక్కొక్కటీ చూపించి అడగండి. యాంటీబయోటిక్ మాత్రం బాగుంది కదా అని మధ్యలో ఆపవద్దు.

మాది ఉద్దానం. నొప్పి మాత్రలు వేసుకుంటే కిడ్నీలకి దెబ్బంటారు, నిజమేనా?

నిజమే. మీ భయం చాలా సరైనది. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి కిడ్నీల మీద భారం వేస్తాయి. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఇంకా ఎక్కువ. దవడ కట్టుకున్న మనిషి నీళ్ళు తక్కువ తాగుతాడు కాబట్టి ముప్పు రెండింతలు. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఊళ్ళలో బయటికి ఏమీ తెలియకుండానే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు చాలామంది. అందుకని ఆపరేషన్‌కి ముందే "మాది ఉద్దానం" అని డాక్టర్‌తో చెప్పి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు చూపించండి. దాన్నిబట్టి మందు మారుస్తారు.

పారాసిటమాల్‌కీ హద్దుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, సన్నగా ఉన్నవాళ్ళకి, కాలేయం సమస్య ఉన్నవాళ్ళకి ఇంకా తక్కువ. చాలా నొప్పి మాత్రల్లో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, అట్ట మీద పేరు చదవకుండా రెండు రకాలు వేసుకోకండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఏమిటో తెలియని సూది అస్సలు వద్దు. ప్రొటీన్ పొడి, కొబ్బరినీళ్ళు కూడా కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగాకే.

## తాగి బతికే వారాలు

ఏం తాగాలి? గంజి, చోడి అంబలి సరిపోతాయా?

కడుపు నింపుతాయి, గాయాన్ని నింపవు. గంజిలో ఉండేది ఎక్కువగా పిండిపదార్థమే. అతుక్కునే ఎముకకి, మానే గాయానికి మాంసకృత్తులు కావాలి. చోళ్ళలో కాల్షియం బాగా ఉంటుంది, వంద గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకి పైనే. కాబట్టి అంబలి మానొద్దు, దాన్ని బలపరచండి. చోడి జావని నీళ్ళతో కాక పాలతో కాచుకోండి. పలాస జీడిపప్పు ఓ గుప్పెడు నానబెట్టి వెన్నలా రుబ్బి అందులో కలపండి. రుచికి రుచి, బలానికి బలం.

మా అమ్మ తయారుచేసిన లెక్క ఇదీ. పొద్దున పాలు పోసిన చోడి జావ. పదింటికి పల్చని మజ్జిగ. మధ్యాహ్నం పెసరపప్పూ అన్నమూ మెత్తగా ఉడికించి, నెయ్యి వేసి, ఉడికించిన గుడ్డు ఒకటి కలిపి మిక్సీలో తిప్పి వడకట్టినది. నాలుగింటికి పండ్ల రసం. రాత్రి కూరముక్కల పప్పుకట్టు. పడుకునే ముందు పాలు. మొత్తం ఆరుసార్లు. ఒక్కోసారికి పట్టేది కొంచెమే కాబట్టి మూడుపూటల లెక్క కుదరదు. చేప తినేవాళ్ళు ముళ్ళు తీసి ఉడికించి రుబ్బి రెండుసార్లు వడకట్టుకోవాలి. ఒక్క ముల్లు చాలు గొట్టంలో ఇరుక్కోవడానికి. పచ్చి గుడ్డు తాగొద్దు.

వేసవిలో ఆపరేషన్ అయితే సువర్ణరేఖ మామిడి ఉండనే ఉంది. పీచు లేకుండా వడకట్టి, పాలు కలిపి చల్లగా తాగితే నెల రోజుల మీద బతుకు తీపి అనిపించేది అదొక్కటే.

తరవాణి (పులిసిన అన్నం నీళ్ళు) తాగొచ్చా అని అడిగారు ఒకాయన. పులుపు, ఉప్పు, కారం పచ్చిపుండు మీద భగ్గుమంటాయి. కుట్లు మానేదాకా ఆగితే మంచిది.

సిరంజితో తాగుతుంటే సగం చొక్కా మీదే పోతోంది. చిట్కా ఏమైనా ఉందా?

ముందు అద్దం ఎదురుగా కూర్చోండి. పెదవి స్పర్శ లేదు కాబట్టి కన్నే దిక్కు. గొట్టం కొసని పళ్ళ మధ్య పెట్టబోకండి, దూరదు. బుగ్గకీ పళ్ళకీ మధ్య జేబులాంటి ఖాళీ ఉంటుంది, అందులోంచి వెనక్కి, చివరి పంటి దాకా జరపండి. ఐదారు మిల్లీలీటర్లు వదలండి, ఆగండి, మింగండి, మళ్ళీ వదలండి. అవతలి మనిషి పోస్తుంటే వేలు ఎత్తితే ఆపాలి అని సైగ పెట్టుకోండి. మా అప్ప ప్రేమకొద్దీ సిరంజి మొత్తం ఒక్క ఊపులో నొక్కింది, పప్పుకట్టు ముక్కులోంచి వచ్చింది.

స్ట్రా వాడొచ్చా అన్నది మీ సర్జన్ చెప్పాలి. పీల్చే ఒత్తిడి కుట్లకి మంచిది కాదని మొదట్లో చాలామంది వద్దంటారు.

వేడి ఇంకా ముఖ్యం. రెండో వారంలో వేడి చారు చల్లారిందనుకుని తాగేశాను. నాకేం తెలియలేదు. సాయంత్రం అద్దంలో చూసుకుంటే కింది పెదవి మీద బొబ్బ. అప్పటినుంచి ఏది తాగినా ముందు మణికట్టు మీద చుక్క వేసి చూశాకే, పసిపిల్లల పాలసీసాకి చేసినట్టు.

పది రోజుల్లో నాలుగు కేజీలు తగ్గాను. ప్రమాదమా?

మూడు నుంచి ఐదు కేజీల దాకా తగ్గడం మామూలే, నమలడం మొదలయ్యాక తిరిగి వస్తుంది. చూడాల్సింది మూత్రం రంగు. చిక్కటి పసుపు అయితే నీళ్ళు చాలట్లేదు. లేచినప్పుడు కళ్ళు తిరుగుతున్నా, రోజంతా ఏమీ దిగకపోయినా ఆసుపత్రికి వెళ్ళి సెలైన్ పెట్టించుకోవాల్సి రావచ్చు. షుగర్ ఉన్నవాళ్ళు మందుల మోతాదు గురించి ముందే మాట్లాడుకోండి, ద్రవాహారం మీద షుగర్ పడిపోనూ వచ్చు, రసాలు ఎక్కువైతే పెరగనూ వచ్చు. మలబద్ధకం కూడా వస్తుంది. నీళ్ళు, నడక, పీచున్న కూరల రసం సాయం చేస్తాయి.

నోరు నాకే కంపు కొడుతోంది. బ్రష్ పెట్టాలంటే భయం.

భయపడి వదిలేస్తేనే కుట్లు చీము పట్టేది. డాక్టర్ సరేనన్న రోజు నుంచి పిల్లల బ్రష్‌తో పళ్ళ బయటివైపు మాత్రం, వైర్ల మీదుగా, సున్నితంగా తోమండి. లోపలివైపు నాలుక చూసుకుంటుంది. ఏం తాగినా తర్వాత గోరువెచ్చని ఉప్పునీళ్ళు సిరంజితో చిమ్మి కడుక్కోవాలి. గట్టిగా పుక్కిలించి ఉమ్మకండి, నోట్లోంచి వాటంతట అవే జారనివ్వండి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాస్తే చెప్పినన్ని రోజులే వాడండి, ఎక్కువ రోజులైతే పళ్ళు గోధుమరంగు తేలతాయి. వేపపుల్ల ఇప్పుడు కాదు.

వైరు కొస బుగ్గ లోపల గుచ్చుకుంటోంది.

మైనం చిన్న ఉండ చేసి, కొసని గుడ్డతో తుడిచి ఆరబెట్టి, దాని మీద అద్దండి. తడి మీద అతుక్కోదు. రెండు రోజులైనా బాధ తగ్గకపోతే వెళ్ళి వంచించుకోండి. గోళ్ళు తీసే కట్టర్‌తో సొంత వైద్యం చేసినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. ఇద్దరూ మళ్ళీ వైరు కట్టించుకున్నారు.

వంకాయ వద్దు, పెరుగు వద్దు అంటున్నారు. పథ్యం ఎన్నాళ్ళు?

మీ డాక్టర్ వద్దన్నవి తప్ప పథ్యం లేదు. గట్టివి, కారంగా ఉన్నవి, వేడివి, విత్తనాలున్నవి వద్దంటారు. కారణం కంటికి కనిపిస్తూనే ఉంది. వంకాయ గింజ కుట్లలో ఇరుక్కుంటుందంటే ఒప్పుకుంటాను, "చీము పట్టిస్తుంది" అంటే ఒప్పుకోను. పెరుగు, గుడ్డు, పప్పు మాన్పిస్తే అసలే సగమైన మనిషికి బలం ఎక్కణ్ణించి వస్తుంది? పెద్దవాళ్ళతో వాదించే నోరు ఎలాగూ ఉండదు. డాక్టర్ చేత చీటీ మీద రాయించి చూపించండి, అది పనిచేస్తుంది.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా మాట్లాడించేస్తున్నారు. ఏం చేయాలి?

"ఏటి బావా, ఎలాగుంది? ఏటైంది అసలు?" అని అడిగి జవాబు కోసం నోటికేసి చూస్తారు. ప్రేమే, కానీ అలసట. పళ్ళు బిగించే మాట్లాడొచ్చు, డాక్టర్ వద్దనకపోతే కాస్త మాట్లాడటం వల్ల నష్టం లేదు. అరగంట దాటితే మెడ కండరాలు లాగేస్తాయి. నేను యాక్సిడెంట్ కథంతా పలక మీద ఒకసారి రాసి గుమ్మం పక్కన ఆనించాను. చదువుకుని లోపలికి వచ్చేవారు. నవ్వించేవాళ్ళని మాత్రం రెండు వారాలు రావద్దనండి. నవ్వితే కుట్లు లాగుతాయి.

మా అమ్మమ్మకి చుట్ట అలవాటు, అదీ అడ్డపొగ. రెండు రోజులకే అడుగుతోంది.

ఎముక అతికేదాకా కచ్చితంగా వద్దు. పొగలోని నికోటిన్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది, గాయానికి రక్తం చాలదు, ఎముక అతకడం ఆలస్యమవుతుంది. అడ్డపొగలో నిప్పు నోట్లోనే ఉంటుంది. మొద్దుబారిన నోటికి అది కాలినా తెలియదు. మన తీరంలో పెద్దామెలకి అంగిట్లో పుండ్లు, క్యాన్సర్ రావడానికి ఆ అలవాటు ఒక కారణమని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు కూడా. బలవంతంగా లాక్కుంటే దొంగతనంగా కాలుస్తారు. అలవాటు సంగతి సర్జన్‌కి చెప్పేస్తే నికోటిన్ తహతహకి ఏం చేయొచ్చో ఆయన చూస్తారు. ఖైనీకీ ఇదే మాట. కల్లు, సారా లాంటి మద్యం కూడా వద్దు. మాత్రలతో కలిసి మగత, పైగా వాంతి.

చెకప్‌కి శ్రీకాకుళం నుంచి విశాఖ బస్సులో వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు. నూరు కిలోమీటర్లు దాటిన దారి కాబట్టి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ముందు వరస సీటు దొరికే బస్సు కోసం ఆగండి, వెనక సీట్లో కుదుపు దవడకే తెలుస్తుంది. మెడకి తువ్వాలు చుట్టుకుంటే ఊగదు. వైరు కత్తెర, తాగడానికి ఒక సీసా, నాలుగు గుడ్డ ముక్కలు చేతిసంచిలోనే ఉండాలి, డిక్కీలో పెట్టే బ్యాగులో కాదు.

## మూడో వారం నుంచి

కింది పెదవి, గడ్డం నావి కానట్టున్నాయి. స్పర్శ ఎప్పుడొస్తుంది?

కిందదవడ ఎముక లోపలినుంచే ఒక నరం వెళ్తుంది, పెదవికీ గడ్డానికీ స్పర్శ దానిదే. ఆపరేషన్‌లో అది సాగుతుంది, నలుగుతుంది. పైదవడ అయితే బుగ్గ, పైపెదవి, ముక్కు పక్కన మొద్దుబారుతుంది. చాలామందికి వారాల నుంచి నెలల్లో వస్తుంది, ఏడాది దాకా మెరుగవుతూనే ఉంటుంది. కొందరికి కొంత భాగం అలాగే ఉండిపోతుంది, అది ముందే తెలిసి ఉండటం మంచిది. చీమలు పాకినట్టు, చిన్న కరెంటు కొట్టినట్టు అనిపిస్తే నరం కోలుకుంటోందని సంతోషించండి. ఈలోగా బ్లేడుతో గడ్డం గీయొద్దు, తెగినా తెలియదు. ట్రిమ్మర్ వాడండి. పెదవి కొరుక్కోకుండా చూసుకోండి.

ఊరికే ఏడుపొస్తోంది. ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నానా అనిపిస్తోంది.

అమ్మాయిలు ఎక్కువగా అడుగుతారు, అబ్బాయిలు వాట్సాప్‌లో అడుగుతారు. అద్దంలో కొత్త ముఖం, కడుపులో ఆకలి, సరిపడని నిద్ర, మత్తు, మందులు అన్నీ కలిసి రెండో మూడో వారంలో మనిషిని కుంగదీస్తాయి. నాకైతే వంటింట్లోంచి ఉల్లిపాయ వేగే వాసన వచ్చినప్పుడు కన్నీళ్ళు ఆగేవి కావు. రోజుకి ఒక ఫోటో తీసుకోండి, వారానికొకసారి వరసగా చూడండి. అద్దం చూపించని మార్పు అందులో కనిపిస్తుంది. పెద్ద వాపు దిగేదాకా కొత్త ముఖం మీద ఏ తీర్పూ ఇవ్వకండి. వారాలు గడిచినా దిగులు తగ్గకపోతే, బతకాలని లేదనిపిస్తే, ఆలస్యం చేయకుండా ఇంట్లో చెప్పండి, డాక్టర్‌కి చెప్పండి. 14416 నంబరుకి ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య సాయం చేసే టెలీ మానస్‌వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

మూడు వారాలైంది. మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడ్డానికి వెళ్ళొచ్చా?

జనంలోకి వద్దు. ఆ తోపులాటలో ఎవరి మోచెయ్యి ఎటు వస్తుందో పైడితల్లమ్మకే తెలియాలి, పైగా అరటిపళ్ళు గాల్లో ఎగురుతుంటాయి. మూడు లాంతర్ల నుంచి కోట దాకా దారి పొడవునా మేడలున్నాయి, తెలిసినవాళ్ళ డాబా చూసుకోండి.

వైర్లు తీసేశారు. నోరు ఒక వేలు కూడా పట్టట్లేదు!

వారాల తరబడి కదలని కండరం అది. బిగుసుకుపోయింది, తుప్పు వదిలించాలి. మామూలు మనిషికి నోరు 35 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా, అంటే మూడు వేళ్ళ వెడల్పున తెరుచుకుంటుంది. డాక్టర్ మొదలుపెట్టమన్న రోజు నుంచి, రోజుకి నాలుగైదు సార్లు, ముందు గోరువెచ్చని గుడ్డ ఐదు నిమిషాలు పెట్టి తర్వాత వ్యాయామం. నాకు ఐస్‌క్రీమ్ పుల్లలు ఇచ్చారు. ముందు పళ్ళ మధ్య పట్టినన్ని పేర్చి పెట్టుకుని కాసేపు ఉండటం, రెండు మూడు రోజులకి ఒకటి చొప్పున పెంచడం. ఆరు పుల్లలతో మొదలై రెండు నెలలకి ఇరవై దాటాను. లాగినట్టు ఉండాలి, పొడిచినట్టు ఉండకూడదు. పొడిస్తే ఆపి అడగండి. చెవి దగ్గర టక్కుమనడం, చెవిపోటు కొన్నాళ్ళు ఉంటాయి. దవడ కీలు చెవి ముందే ఉంది మరి.

పనికి, బండికి ఎప్పుడు?

కూర్చుని చేసే పనికి చాలామంది రెండు నుంచి నాలుగు వారాల్లో వెళ్తారు. నాలాంటి గొంతు ఉద్యోగానికి ఇంకా పడుతుంది. మగత తెప్పించే మాత్రలు వాడినన్నాళ్ళు బండి నడపొద్దు. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగుస్తుంది కాబట్టి సర్జన్ సరేననేదాకా బండే వద్దు, హెల్మెట్ లేకుండా అసలే వద్దు. కబడ్డీ, క్రికెట్ లాంటివి మూడు నెలలకి తక్కువ కాకుండా ఆగాలి.

ఏ లక్షణాలు కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి?

ఊపిరి కష్టమైతే, ఎర్రటి నెత్తురు గుడ్డ అదిమి పట్టినా అరగంటలో ఆగకపోతే, ఛాతీ నొప్పి వస్తే, పిక్క వాచి నొప్పి పెడితే వెంటనే 108కి ఫోన్ చేయండి. 101 డిగ్రీలు దాటిన జ్వరం, చీము, నోట్లో చేదు రుచి, తగ్గిన వాపు తిరిగి రావడం, పళ్ళ కలయిక హఠాత్తుగా మారడం, వైరు తెగడం, ఇవన్నీ ఆ రోజే చూపించాల్సినవి. "రేపు చెకప్ ఉంది కదా" అని ఆగకండి.

## నెలలు గడిచాక

లోపలి ప్లేట్లు తీయించాలా?

సాధారణంగా అక్కర్లేదు. ఎక్కువగా టైటానియం, ఒంటికి పడుతుంది. చీము పట్టినా, స్క్రూ వదులైనా, చేతికి తగిలి బాధపెడుతున్నా తీస్తారు. నావి ఉన్నాయి.

జంతికలు ఎప్పుడు తినొచ్చు మాస్టారూ?

ఈ ప్రశ్న నవ్వుతూ అడుగుతారు గానీ అసలు ప్రశ్న ఇదే. ఎముక గట్టిపడటానికి ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా నమలక్కర్లేనివే. ఆ తర్వాత మెత్తటి ఇడ్లీ, పెరుగన్నం, నలిపిన అరటిపండు, ఉడికిన కూర అలా మెట్లెక్కాలి. జంతికలు, వేరుశనగలు, చెరకు, ముదురు మాంసం లాంటివి మూడు నెలల తర్వాత, ఎక్స్‌రే చూసి డాక్టర్ సరేనంటేనే. నా మొదటి ఇడ్లీకి నలభై నిమిషాలు పట్టింది.

ఇప్పుడు అన్నీ తింటున్నాను. గడ్డం మీద రూపాయి బిళ్ళంత మేర మాత్రం ఇప్పటికీ తెలియదు. భోజనాల దగ్గర అక్కడ మెతుకు అంటుకుంటే మా ఆవిడ ఏమీ అనకుండా తన గడ్డం మీద వేలు పెట్టి చూపిస్తుంది, నేను తుడుచుకుంటాను.